దాలమ్మ ఇంటికి నీళ్ళు మోసిన శుక్రవారం

బరంపురం వెళ్ళొచ్చానని చెప్పగానే మా హాస్టల్లో అందరూ అడిగింది ఒకటే: "పట్టుచీర కొన్నావా?" కొనలేదు. ఒక అప్పడాల కట్ట, మోకాలి మీద ఒక దెబ్బ, ఇంతే తెచ్చుకున్నది. మా అమ్మ మాత్రం వేరేగా అడిగింది. "వారం రోజులు సేవకని పోయారు గదా, ఏం చేసొచ్చారే?" అంది. ఫోన్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక "ఒక బావి బాగుచేశామమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ వారం జరిగింది అదొక్కటే కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మాది విశాఖపట్నంలో సిస్టర్లు నడిపే కాలేజీ. ఏటా ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో, ఇంటర్నల్ పరీక్షలు అయిపోగానే, వారం సెలవులిస్తారు. ఇళ్ళకు పోయేవాళ్ళు పోతారు. పేరిచ్చినవాళ్ళను చిన్న చిన్న జట్లుగా చేసి ఎక్కడికో ఒకచోటికి సేవకు పంపుతారు. ఈ ఏడు మా జట్టుకు ఒడిశాలో గంజాం జిల్లా వచ్చింది. బరంపురానికి దక్షిణాన, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక తెలుగు ఊరు. అక్కడ సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టలు ముందు బావి పూడిపోయింది, పూడిక తీయాలి. ఎనిమిది మంది ఆడపిల్లలం, మాకు పెద్దగా ఫిలోమిన సిస్టర్ గారు. గుంటూరు పక్క పల్లెలో పుట్టిన నాకు శ్రీకాకుళం అవతల ఏముందో అంతవరకు తెలియదు.

మా జట్టులో రోజ్‌లిన్ గురించి ముందే చెప్పాలి. నా పక్క మంచం ఆ పిల్లది. నిద్రలో కూడా మాట్లాడుతుంది. తపస్సు కాలంలో ఏదో ఒకటి మానుకోవాలి గదా అని ఒకసారి మాటలు మానుకుంది. ఆ కాలం మొదలయ్యే విభూతి బుధవారం మధ్యాహ్నం భోజనాల దాకా ఆగగలిగింది.

పలాస దాటాక

పొద్దున్నే రైలెక్కాం. పలాసలో ఒక పెద్దావిడ జీడిపప్పు బుట్టతో ఎక్కి మా మధ్య కూర్చుంది. పావుకిలో రెండొందల యాభై అంది. రోజ్‌లిన్ బేరమాడి రెండొందల ఇరవైకి తెచ్చింది. తీరా చూస్తే అన్నీ బద్దలు. "గుండుపప్పు ఆ రేటుకి ఏటొత్తాది పాపా, నువ్వే సెప్పు" అని ఆవిడ నవ్వుతూ దిగిపోయింది. బద్దలైనా రుచిగానే ఉన్నాయి.

ఇచ్ఛాపురం దాటాక స్టేషను బోర్డుల మీద అక్షరాలు మారాయి. మన అక్షరాలకు తలకట్లు పెడితే వాళ్ళ అక్షరాలకు గొడుగులు పట్టినట్టుంది. చదవలేకపోతున్నామని మేం బెంగపడుతుంటే, ప్లాట్‌ఫాం మీద టీ అమ్మేవాడు "టీ కావాలేటమ్మా?" అన్నాడు. రాష్ట్రం మారింది గానీ మాట ఇంకా మాతోనే వస్తోంది.

బరంపురంలో ఉప్మా, లంజిపల్లిలో చేపలు

దిగగానే ఆకలి. ఫిలోమిన సిస్టర్ గారు మమ్మల్ని గోసాని నువాగాం పేటలో ఒక సందులోకి తీసుకెళ్ళారు. అరుగు మీద పొయ్యి, ముందు రెండు బల్లలు, అదీ హోటలు. ఉప్మా అడిగాం. ఆకు దొన్నెలో ఉప్మా పెట్టి, మేం చూస్తుండగానే దాని మీద గరిటెడు బఠాణీ కూర పోసేసిందా హోటలావిడ. మా వైపు ఉప్మాలోకి పచ్చడి వేసుకుంటారు, పంచదార చల్లుకునేవాళ్ళనీ చూశాను. కూర పోయడం ఎప్పుడూ చూడలేదు. "అయ్యో, మాకు విడిగా ఇవ్వండి" అంది రోజ్‌లిన్.

"తిని సూడు పాపా. బాగోకపోతే డబ్బులియ్యకు" అందావిడ.

తిన్నాం. రోజ్‌లిన్ రెండోసారి పెట్టించుకుని, కూర ఇంకాస్త పొయ్యమంది. ప్లేటు ముప్పై రూపాయలు. డాబాల మీద చాపలేసి అప్పడాలు ఎండబెడుతున్నారు. సందంతా మినప్పిండి, ఇంగువ వాసన.

మధ్యాహ్నం భోజనం అదే ఊళ్ళో లంజిపల్లి పేటలో. మా కాలేజీలో చదివి వెళ్ళిన ఒక అక్క వాళ్ళ పుట్టిల్లు అది. వాళ్ళ నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. తాతల నాడు సోంపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇల్లు చేరకముందే వీధి చివరి నుంచి చేపల పులుసు వాసన తగిలింది. గోదావరి వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇద్దరున్నారు మాలో. వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. తీరా విస్తళ్ళ ముందు కూర్చుంటే అన్నం, కాయగూరలన్నీ వేసి వండిన పప్పు, వడియాలు, టమాటా తీపి పచ్చడి. చేపల జాడ లేదు.

"సేపలు పక్కింటోలయి" అని చెప్పింది ఇల్లాలు మా ముక్కులు కనిపెట్టి. "మీకిది ఒక్కపొద్దుల కాలమట కదా, మా అమ్మాయి ఫోన్లో సెప్పినాది. మేమూ మానీసినాం."

తపస్సు కాలంలో నీచు మానేసేది మేం శుక్రవారాలే. ఆ రోజు సోమవారం. మా కోసం ఇల్లంతా చేపలు మానుకుంటే ఆ మాట ఎవరు చెప్తారు? సిస్టర్ గారు మా వైపు ఒక చూపు చూశారు. అందరం పప్పు బాగుందన్నాం. నిజంగానే బాగుంది. వాళ్ళ మనవరాలు పదేళ్ళది. గడగడా తెలుగు మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం రాయలేదు, బడిలో ఒడియా, ఇంగ్లీషే. నా పేరు ఒడియాలో ఎలా రాస్తారో నేర్పి, బదులుగా తన పేరు తెలుగులో రాయించుకుని పరుగెత్తుకెళ్ళి తాతకు చూపించింది. ఆయన చాలాసేపు చూసి, "నాక్కూడా రాదు తల్లీ, మీ ముత్తాతకి వచ్చేది" అన్నారు.

హల్దియాపదర్ బస్టాండు దగ్గర రెండు ఆటోలు మాట్లాడుకుని సాయంకాలానికి ఊరు చేరాం.

బావి

రెండు వీధులు, చుట్టూ కోసేసిన పొలాలు, పొడవాటి జీడితోట. హాస్టలు చూసే సబిత సిస్టర్ కొండ ప్రాంతపు ఒడియా మనిషి. తెలుగు నేర్చింది ఈ వీధిలోనే. అందుకని తెల్లటి దుస్తుల్లో, మెడలో సిలువ వేసుకున్న ఆవిడ నోట "ఏటి, ఇంత ఆలీసమైపోనాది?" అని వినగానే మాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వేసింది.

ఊళ్ళో మగవాళ్ళు ఏరీ అంటే ఎవరి నోటైనా ఒకటే జవాబు: సూరత్. మా పల్లెలోంచి హైదరాబాదు పోయేవాడు పోతాడు, బెంగుళూరు పోయేవాడు పోతాడు. ఇక్కడ వీధికి వీధి ఒకే ఊరికి, బట్టల మిల్లుల్లో మగ్గాల మీదికి వెళ్ళిపోయింది. మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు.

బావి హాస్టలు గేటు పక్కనే ఉంది. వీధి సగానికి వంటనీళ్ళు దానివే. బోరింగు నీళ్ళు తుప్పు రంగు, అన్నం వండితే ఎర్రబడుతుందట. కుళాయి వస్తే వచ్చినట్టు. మంగళవారం మోటారు పెట్టి నీళ్ళు తోడించాం. పక్క ఊరి నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు అడుగుకు దిగి తట్టల్లో బురద నింపితే, మేం గిలక మీద తాడు లాగడం. మొదటి తట్ట పైకొచ్చినప్పుడు వాసనకు రోజ్‌లిన్ కూడా మాట్లాడలేదు. తరవాత అలవాటైంది. బురదలోంచి చెప్పులు, సబ్బుపెట్టెలు, స్టీలు గ్లాసులు, ఒక సైకిలు పెడలు బయటపడ్డాయి. సైకిలు పెడలు బావిలోకి ఎందుకు వెళ్ళిందో ఎవరూ చెప్పలేకపోయారు.

దాలమ్మను అక్కడే చూశాను. ఎదురింటావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి, బక్కపలచని మనిషి, మాట గట్టిది. ఏడాది కిందట బావిలో పడిన తన ఇత్తడి చెంబు కోసం పూటకోసారి వచ్చి చూసేది. బుధవారం అది దొరికింది. చింతపండేసి తోముకుని, ఆ చెంబుతోనే మాకు మజ్జిగ తెచ్చింది. మేం తాగుతుంటే గట్టు మీద కూర్చుని తన సంగతి చెప్పింది.

ఆమె భర్త కూర్మారావు. సూరత్‌లో ఉండగా పచ్చకామెర్లు ముదిరి, ఇక మనిషి దక్కడని ఫోనొచ్చింది. "ఆడు నడిసి ఇల్లు సేరితే దండ నాట నా ఇంటికి పిలుత్తాననీసి మొక్కుకున్నాను పాపా. ఆడే భొక్తా అయ్యి తిరుగుతాడని కూడా మొక్కీసినాను. ఆడినడగనేదు" అంది. నడిచే ఇల్లు చేరాడు. ఈ చైత్రంలో భొక్తా అయ్యాడు.

దండ నాట అంటే గంజాంలో మగవాళ్ళు చేసే తపస్సు. మొక్కుకున్నవాళ్ళు జట్టుగా, చెప్పుల్లేకుండా, ఊరూరా తిరుగుతారు. వాళ్ళనే భొక్తాలంటారు. కొందరికి పదమూడు రోజులు, కూర్మారావు జట్టుకు ఇరవై ఒకటి. మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలే మట్టిలో పొర్లుతారు. పొద్దువాలాక చెరువులో మునిగి దండం పెడతారు. రోజుకొక ఇంట్లో ఒకటే పూట భోజనం. తినేటప్పుడు మనిషి గొంతు వినబడితే అంతే, విస్తరి ముందు నుంచి లేచిపోవాలి. మళ్ళీ మర్నాడే. ఆ రోజులన్నీ ఇంటివాళ్ళతో మాటలుండవు. కొన్ని ఊళ్ళలో వంట వాళ్ళే చేసుకుంటారట. ఇక్కడ పిలిచిన ఇల్లాలు వండాలి. అదీ ఆ రోజు తోడిన నీళ్ళతో.

"ఆదివారం మా ఇంటికొత్తారు. మీరు శనివారమే ఎల్లిపోతారు, సూడనేరు" అని నొచ్చుకుంది దాలమ్మ.

గురువారం మధ్యాహ్నానికి అడుగున ఇసుక కనబడింది. సున్నం, బ్లీచింగు పొడి చల్లి, పైన రేకు మూశాం. ఊట వచ్చి తేరుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుందని, అంతవరకు ముట్టుకోవద్దని పనివాళ్ళు చెప్పారు. ఆదివారానికి సరిపోతుంది కదా అని లెక్కేసుకున్నాం. మా అంత సంతోషంగా ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

ఆ సాయంకాలమే దాలమ్మ వచ్చింది. రేకు జరిపి బావిలోకి చూసి, గట్టు మీద కూలబడింది.

"ఏమైంది దాలమ్మా?" అని అడిగారు ఫిలోమిన సిస్టర్ గారు.

"రేపే ఒచ్చీస్తన్నారమ్మా."

మర్నాడు భొక్తాలు వెళ్ళవలసిన ఇంట్లో ఎవరో ముసలాయన పోయాడు. మైల. ఇక ఆ గడప తొక్కరు. అందుకని దాలమ్మ వంతు ముందుకు జరిగింది. పదమూడు మంది మనుషులు, వాళ్ళకు వంట, తాగునీళ్ళు, కాళ్ళు కడగడానికి నీళ్ళు. బావిలో అరచేయి మునిగేంత తెల్లటి సున్నపు నీళ్ళున్నాయి.

"మా పొరపాటే" అన్నారు సిస్టర్ గారు.

"మీదేటుంది? సచ్చిపోనోడిదీ పొరపాటు కాదు, నాదీ కాదు" అంది దాలమ్మ. కళ్ళు మాత్రం బావిలోంచి తియ్యలేదు. "ఆడు ఒక్క పూట తిని బతుకుతన్నాడు. ఆ పూట నా ఇంట్లోనే నేకుండా పోతాదేటి?"

శుక్రవారం

మంచినీళ్ళు దొరికేది కాలవ అవతల ఒక ఒడియా రైతు వంగతోటలో. ఆయన పంపు కిలోమీటరు పైనే ఉంటుంది. దారి కాలవ గట్టు మీద, అడుగు వెడల్పు. బండి పోదు. వీధిలో మొయ్యగలిగిన ఆడవాళ్ళు అయిదారుగురే, మిగతావాళ్ళు జీడితోటలో కూలికి పోయారు. మొయ్యవలసింది మేమే.

దానికి ఒక అడ్డొచ్చింది. ఆ వీధి పెద్ద, దాలమ్మ వరసకు మావయ్య, కర్ర ఊతంగా పట్టుకుని వచ్చాడు. "ఈలు కిరస్తానపోలు కదేటి? దండ నీల్లు ఈలెలగ తెత్తారు?" అన్నాడు.

మా సిస్టర్ గారికీ లోపల సందేహం ఉన్నట్టే ఉంది. శుక్రవారం, ప్రభువు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలుచుకుంటూ మేం సిలువ మార్గం చేసుకునే రోజు. ఇంకొకరి పూజకు నీళ్ళు మోయడం ఎలా అని ఒక్క నిమిషం జపమాల వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డారు. ఆ తరవాత "బావి ఖాళీ చేసింది మనం. నీళ్ళు మనమే తేవాలి. మిగతాది ఫాదర్ గారితో నేను మాట్లాడుకుంటాను" అన్నారు మాతో.

దాలమ్మ నేరుగా మా దగ్గరకొచ్చి అడిగింది: "ఏటైనా తిన్నారా పొద్దున?"

"లేదండి, ఒక్కపొద్దు. శుక్రవారం కదా" అంది రోజ్‌లిన్.

"ఏటేటి, మీకూ ఒక్కపొద్దులున్నాయా? రాత్రి దాకానా?"

"అవునండి."

"నీల్లు కూడా తాగరా?"

"నీళ్ళు తాగుతాం."

"బతికినాను. ఎండకి పడిపోతే మల్ల నా మీదికొత్తాది" అని, మావయ్య వైపు తిరిగింది. "ఇన్నావా? పొద్దున్నుంచి కూడు ముట్టనేదట. నువ్వు రెండు ఇడ్డెన్లు తినీసొచ్చినావు."

ఆయన కర్ర కాసేపు నేల మీద ఆడించాడు. "తలకి పోసుకోమను. సెప్పులొద్దు. దార్లో మాటాడకూడదు" అన్నాడు.

చివరి మాట విని మేమందరం రోజ్‌లిన్ వైపు చూశాం. ఆ పిల్ల రెండు వేళ్ళు పెదవుల మీద పెట్టుకుంది. నిజం చెప్తున్నాను, ఆ రోజు బిందె ఎత్తుకుని దించేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఖాళీ బిందెతో తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం అన్నీ కలిపి మాట్లాడేసేది.

నాకు బిందె చంకనెత్తుకుని నడవడం రాదు. మా ఇంట్లో కుళాయి వంటింట్లోనే ఉంటుంది. సబిత సిస్టర్ నడుము ఎలా వంచాలో చూపించారు. మొదటి విడతకే చేయి తిమ్మిరెక్కింది. అడుగు కింద మట్టి పొద్దున్నే వేడెక్కిపోయింది. మధ్యలో కరెంటు పోయింది. ఆ రైతు తోటలోనే నీడన కూర్చోబెట్టి, ఒడియాలో ఏదో అంటూ తలా ఒక దోసకాయ ఇచ్చాడు. ఒక్కపొద్దని చేతులతో చెప్తే నాలిక కరుచుకుని, అవే కాయలు ఒక గుడ్డలో మూటకట్టి రాత్రికి తినమని ఇచ్చాడు. సిలువ మార్గం మనసులో చెప్పుకోమన్నారు సిస్టర్ గారు, విడతకు ఒక స్థలం చొప్పున. ప్రభువు మొదటిసారి పడిన చోటు నాకు గుర్తుంది. ఆ తరవాతి విడతలో నేనే పడ్డాను.

గట్టు మీద తడి పెల్ల జారింది. నేను ఒకవైపు, బిందె ఒకవైపు. నీళ్ళన్నీ కాలవలోకి. మోకాలు చీరుకుపోయింది, బిందెకు గుప్పెడంత సొట్ట. అది దాలమ్మ పెళ్ళినాటి బిందె అని పక్కావిడ చెప్పగానే నాకు ఏడుపొచ్చింది. ఖాళీ బిందెతో వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

దాలమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది. "సొట్ట పోనాదా? పోనీ. కాలు సూపించు" అంది. పసుపు అద్ది, "ఎల్లు, ఎల్లు, గంగాళం ఇంకా సగమే నిండినాది" అని తరిమింది.

మధ్యాహ్నానికి నిండింది. డప్పు దూరంగా వినబడింది.

వాళ్ళు కాషాయం గుడ్డలు కట్టుకుని, చేతుల్లో బెత్తాలతో, ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎండకు కమిలిన ముఖాలు. వాకిట ముందు మట్టిలో బోర్లా పడుకుని పొర్లారు. దున్నినట్టు, నాట్లేసినట్టు, కోత కోసినట్టు ఒంటితోనే చేసి చూపించారు. ఆ నేల మీద మేం నిలబడలేక కాలు మార్చి కాలు మోపుతుంటే వాళ్ళ వీపులు దాని మీదే ఉన్నాయి. వాళ్ళలో కూర్మారావు ఎవరో అడగాలనిపించలేదు. దాలమ్మే చెప్పింది, మాటతో కాదు. తల మీది కొంగు సర్దుకుని, నాలుగో మనిషి పాదాల వైపు మాత్రమే చూస్తూ నిలబడింది.

పిలిచిన ఇల్లాలు అందరి కాళ్ళ మీదా నీళ్ళు పొయ్యాలి. మేం తెచ్చిన నీళ్ళు ఆ ఇత్తడి చెంబుతో ముంచి పోస్తూ వచ్చింది. మొదటి మనిషికి చెంబుడు, రెండో మనిషికి చెంబుడు, మూడో మనిషికి. నాలుగో మనిషి కాళ్ళు సన్నగా, మడమలు పగిలి ఉన్నాయి. ఆయనకూ చెంబుడే పోసింది. ఎక్కువా పోయలేదు, తక్కువా పోయలేదు. ఆయన ఆమె తల మీదుగా ఇంటి చూరు వైపు చూస్తూ ఉన్నాడు. అయిదో మనిషి దగ్గరికి వెళ్ళింది.

పొద్దువాలి, చెరువు పని ముగించుకుని వాళ్ళు వచ్చేసరికి వంటయింది. పచ్చిబియ్యం అన్నం, పెసరపప్పు, అరటికాయ, నెయ్యి. ఉల్లి లేదు, కారం లేదు. పెరట్లో తాటాకులు కట్టి చాటు చేశారు. వడ్డించి ఇవతలికి రాగానే డప్పు ఒక్కసారి మోగి ఆగింది. ఇక వీధిలో ఎవరూ మాట్లాడకూడదు.

అలాంటి నిశ్శబ్దం నేను గుడిలో కూడా వినలేదు. కుక్కల్ని ముందే వీధి చివరికి తోలుకెళ్ళారు. ఫోన్లన్నీ ఆపేశారు. ఒకామె చంటిబిడ్డ ముఖం చిట్లించగానే పాలిస్తూనే పొలాల్లోకి నడిచింది. హాస్టల్లో త్రికాల ప్రార్థన గంట కొట్టే వేళ అది. సబిత సిస్టర్ గంట తాడు చేతిలో పట్టుకుని, కొట్టకుండా అలాగే నిలబడ్డారు. మావయ్య దగ్గు వస్తే కండువా నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడు రోజ్‌లిన్‌కు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. పొద్దంతా ఎండ, ఖాళీ కడుపు. మొదటి ఎక్కిలికి వీధంతా ఉలిక్కిపడింది. ఎక్కిలి మనిషి గొంతు కిందికి వస్తుందో రాదో ఎవరినీ అడగడానికి లేదు. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని, పరుగున పోయి ఎదురుగా ఉన్న పశువులశాలలో గడ్డిమోపులోకి ముఖం దూర్చేసింది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే నేను పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉన్నాను. నవ్వొస్తోంది, భయమేస్తోంది. తాటాకుల వైపు చూస్తూ, ప్రభువా, ఆ మనిషిని లేవనివ్వకు అనుకున్నాను. ఆ రోజు నేను మనస్ఫూర్తిగా చేసిన ప్రార్థన అదొక్కటే.

ఎవరూ లేవలేదు. చాలాసేపటికి డప్పు మోగింది. మరుక్షణం కుక్కలు, పిల్లలు, గంట, రోజ్‌లిన్ అన్నీ ఒకేసారి మొదలయ్యాయి.

దాలమ్మ పెరట్లోకి వెళ్ళి వచ్చింది. "మెతుకు మిగల్నేదు" అంది. అంటూనే వాకిట్లో గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయింది. అప్పటికి తనూ ఏమీ తినలేదని మాకు గుర్తొచ్చింది. హాస్టలు నుంచి గంజి తెచ్చి, రైతు ఇచ్చిన దోసకాయలు కోసి, అందరం ఆ వాకిట్లోనే కలిసి తిన్నాం.

తిరుగుదారి

శనివారం పొద్దున మా ఆటోలు వచ్చేసరికి భొక్తాలు తరవాతి ఊరికి వెళ్ళిపోయారు. దాలమ్మ మాకు తలో అప్పడాల కట్ట ఇచ్చి, నా మోకాలు ఇంకోసారి చూసి, కూలికి ఆలస్యమవుతోందని జీడితోటకు వెళ్ళిపోయింది. కన్నీళ్ళూ కౌగిలింతలూ ఏమీ లేవు. రైల్లో రోజ్‌లిన్ విజయనగరం దాకా పడుకునే ఉంది, మాట్లాడకుండా. ఫిలోమిన సిస్టర్ గారు ఫాదర్ గారితో మాట్లాడారో లేదో, ఏం మాట్లాడారో మాకు చెప్పలేదు. సెలవుల నివేదికలో మాత్రం "బావి పూడికతీత, నీటి సరఫరా" అని రాశారు.

మట్టల ఆదివారం అయిపోయింది. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారంలో ఒక సాయంకాలం సబిత సిస్టర్ ఫోన్ చేశారు. బావి నిండిందట, నీళ్ళు తేటగా ఉన్నాయట. "ఇదో, దాలమ్మ మాటాడతాదట" అని ఫోన్ ఇచ్చారు. నేను స్పీకరు పెట్టాను.

దండ ముగిసింది. కూర్మారావు ఇంటికొచ్చాడు. తలంటు పోసుకున్నాడు, అన్నానికి కూర్చున్నాడు.

"ఇరవయ్యొక్క దినాలు మాటాడనేదు కదా పాపా, ముందు ఏటంటాడో అనీసి నాను ఎదురుగా కూకున్నాను. నీల్లు మోసిన పిల్లలెవురే అని అడుగుతాడేమో అనుకున్నాను. నా మొక్కు గురించి ఏటైనా అంటాడేమో అనుకున్నాను. ఏటన్నాడో తెలుసా?"

"ఏమన్నారు?" అంది రోజ్‌లిన్ ఆత్రంగా.

"'ఆ శుక్రారం పప్పులో ఉప్పెయ్యనేదే నువ్వు' అన్నాడు."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పదమూడు మంది తిన్నారు ఆ పప్పు. మెతుకు మిగల్లేదు. ఒక్కరు నోరెత్తడానికి లేదు.

"అయ్యో! మరి మీరేమన్నారు?" అని అడిగాను.

"నానేటంటాను? నవ్వొచ్చీసినాది. ఆడూ నవ్వీసినాడు." వెనకాల ఎక్కడో గిలక తిరుగుతున్న చప్పుడు వినబడింది. "నవ్వీసి, కంచం ముందుకు తోసినాడు పాపా. ఇంకో ముద్ద ఎట్టమన్నాడు."